ఉబుంటులో రెండు మూడు పైథాన్‌లు గొడవ పడకుండా పెట్టుకోవడం, కావాల్సిన లైబ్రరీ మనమే బిల్డ్ చేసుకోవడం

మొన్న రాత్రి మా పిన్ని కొడుకు ఫోన్ చేసి "అక్కా, టెర్మినల్ తెరుచుకోవట్లేదు, ఐకాన్ నొక్కితే కాసేపు తిరిగి ఆగిపోతోంది" అన్నాడు. ఏం చేశావురా అంటే ముందు ఏమీ చెయ్యలేదన్నాడు, నాలుగు ప్రశ్నలు వేశాక విషయం బయటికొచ్చింది. వాడిది ఉబుంటు 22.04, దాంతో వచ్చేది పైథాన్ 3.10. ప్రాజెక్టుకి 3.11 కావాలన్నారట. 3.11 వేసుకున్నాడు, అంతవరకు బాగానే ఉంది, కానీ "పైథాన్3" అని కొట్టినప్పుడు కూడా కొత్తదే రావాలని అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో (ఒక కమాండ్ పేరుకి ఏ ప్రోగ్రామ్ నడవాలో ఎంచే పనిముట్టు) మొత్తం సిస్టమ్‌కే మార్చేశాడు. ఆ ఉబుంటులో గ్నోమ్ టెర్మినల్‌ని లేపేదే ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు. దానికి కావాల్సిన మాడ్యూళ్ళు (పైథాన్ వాడుకునే కోడ్ ముక్కలు) 3.10 కోసం కంపైల్ అయి, అంటే మెషీన్ నడపగలిగే రూపంలోకి మారి ఉంటాయి, 3.11 వాటిని చదవలేదు, అందుకే టెర్మినల్ లేవలేదు. ఉబుంటులో ప్రోగ్రాములు వేసే ఆప్ట్‌కి సంబంధించిన కొన్ని పనిముట్లు కూడా ఇలాగే ఆగిపోతాయి, "ఆప్ట్_పీకేజీ అనే మాడ్యూల్ లేదు" అని ఎర్రర్ వస్తుంది.

మీకూ ఇదే జరిగి ఉంటే టెన్షన్ పడకండి, మళ్ళీ ఓఎస్ వేయక్కర్లేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల తెర వస్తుంది, అక్కడ లాగిన్ అయి, ఆల్టర్నేటివ్స్‌లో పెట్టిన పైథాన్3ని తీసేసి, యూఎస్ఆర్ బిన్‌లో ఉన్న పైథాన్3 లింకుని మళ్ళీ పైథాన్3.10కి తిప్పితే చాలు:

సూడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --రిమూవ్-ఆల్ పైథాన్3
సూడో ఎల్ఎన్ -ఎస్ఎఫ్ పైథాన్3.10 /యూఎస్ఆర్/బిన్/పైథాన్3

(కమాండ్లన్నీ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్లో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. గీతలు, చుక్కలు, అంకెలు మాత్రం ఇక్కడున్నట్టే.)

ఇక్కడి నుంచి ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. ఉబుంటుతో పాటు వచ్చిన పైథాన్ మనది కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ది. అద్దె ఇంట్లో గోడ పగలగొట్టం కదా, అలాగే దాని జోలికి వెళ్ళకండి. 23.04 నుంచి ఉబుంటు, 12 నుంచి డెబియన్ ఈ మాట తామే చెబుతున్నాయి: సిస్టమ్ పైథాన్‌లో లైబ్రరీ వేద్దామని పిప్ ఇన్‌స్టాల్ కొడితే (పైథాన్ లైబ్రరీలు వేసే పనిముట్టే పిప్) "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఆపేస్తాయి. ఆ ఎర్రర్ చూడగానే చాలామంది వెతికి పట్టుకునేది "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అనే ఆప్షన్. పేరులోనే సిస్టమ్‌ని పాడుచేస్తానని ఉంది, దయచేసి వాడకండి. మనకి కావాల్సిన పైథాన్‌లన్నీ మన హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకుందాం. అక్కడ ఏం పాడైనా ఆ ఫోల్డర్ తీసేస్తే సరిపోతుంది, మిగతా మెషీన్‌కి దెబ్బ తగలదు.

దానికి నేను వాడేది పైఎన్వ్ అనే వెర్షన్ మేనేజర్. రూబీ భాష వాళ్ళ ఆర్‌బీఎన్వ్ నుంచి పుట్టింది, పని చేసే తీరు చాలా తేలిక. "షిమ్స్" అనే ఒక ఫోల్డర్‌ని పాత్‌లో (కమాండ్ల కోసం టెర్మినల్ వెతికే ఫోల్డర్ల జాబితా) అన్నిటికంటే ముందు పెడుతుంది. మీరు పైథాన్ అని కొడితే ముందు ఆ షిమ్ దొరుకుతుంది, అది "ఇప్పుడు ఏ వెర్షన్ కావాలి" అని చూసి అసలు పైథాన్‌కి పంపిస్తుంది. చూసే వరుస ఇది: ముందు పైఎన్వ్_వెర్షన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉందా, తర్వాత ఇప్పుడున్న ఫోల్డర్‌లో గానీ దాని పై ఫోల్డర్లలో గానీ చుక్క-పైథాన్-వెర్షన్ అనే ఫైల్ ఉందా, తర్వాత గ్లోబల్‌గా ఏం పెట్టారు, ఏదీ లేకపోతే సిస్టమ్‌ది. "నేను 3.11 పెట్టినా 3.10 చూపిస్తోంది" అని ఎవరైనా అడిగితే తొంభై శాతం సమస్య ఈ వరుసలోనే దొరుకుతుంది. పైఎన్వ్ వెర్షన్ అని కొట్టండి, ఏ ఫైల్ చూసి ఆ వెర్షన్ ఎంచుకుందో అదే చెబుతుంది.

అయితే పైఎన్వ్ పెట్టే ముందు ఇంకో పని ఉంది, అందరూ దాటేసేది ఇదే. పైఎన్వ్ తయారైన పైథాన్‌ని తీసుకురాదు, సోర్స్ దించి మీ మెషీన్ మీదే కంపైల్ చేస్తుంది. కంపైల్ చేయాలంటే జీసీసీ (కంపైలర్), మేక్ (కంపైల్ పనుల్ని వరుసగా నడిపేది) ఉండాలి, పైథాన్ ఆధారపడే లైబ్రరీల "డెవ్" ప్యాకేజీలు ఉండాలి. ఈ డెవ్ ఏంటి, లైబ్రరీ ఆల్రెడీ ఉంది కదా అని చాలామందికి అనుమానం. పెళ్ళి భోజనానికి వెళ్ళేవాడికి విస్తరాకు ముందు కూర్చుంటే చాలు, వండేవాడికి మాత్రం సరుకుల చీటీ కావాలి. నడిచే ప్రోగ్రామ్‌కి లైబ్రరీ ఒక్కటీ చాలు, కంపైల్ చేసేవాడికి అందులో ఏ ఫంక్షన్లు ఉన్నాయో చెప్పే హెడర్ ఫైళ్ళు కావాలి. అవి డెవ్ ప్యాకేజీలో వస్తాయి. అందుకని ముందుగా ఒకేసారి అన్నీ వేసేయండి:

సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ కర్ల్ గిట్ లిబ్ఎస్ఎస్ఎల్-డెవ్ జెడ్‌లిబ్1జీ-డెవ్ లిబ్‌బీజెడ్2-డెవ్ లిబ్‌రీడ్‌లైన్-డెవ్ లిబ్ఎస్‌క్యూలైట్3-డెవ్ లిబ్ఎఫ్ఎఫ్ఐ-డెవ్ లిబ్ఎల్‌జెడ్ఎంఏ-డెవ్ టీకే-డెవ్ ఎక్స్‌జెడ్-యూటిల్స్

ఇందులో ఒకటి వదిలేస్తే ఏమవుతుందో చెప్తాను, ఎందుకంటే ఇది నాకు ఒక సాయంత్రం మొత్తం తినేసింది. ఎస్ఎస్ఎల్ లేకపోతే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది, అది మంచిదే, వెంటనే తెలుస్తుంది. కానీ ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్ లైబ్రరీ), బీజెడ్2, టీకే లాంటివి లేకపోతే ఒక వార్నింగ్ మాత్రం ఇచ్చి బిల్డ్ పూర్తి చేసేస్తుంది. ఆ వార్నింగ్ ఎవరు చదువుతారు? అంతా బాగానే ఉందనుకుంటాం, నెల తర్వాత ఏదో ప్రోగ్రామ్‌లో "_ఎస్‌క్యూలైట్3 అనే మాడ్యూల్ లేదు" అని వస్తుంది, అప్పుడు పిప్‌తో ఎస్‌క్యూలైట్ వేయాలని చూస్తాం, అది పిప్‌తో వచ్చేది కాదు, పైథాన్ కంపైల్ అయినప్పుడే లోపల చేరాల్సింది. మందు ఒక్కటే, డెవ్ ప్యాకేజీ వేసి ఆ వెర్షన్‌ని మళ్ళీ బిల్డ్ చేయడం. కాబట్టి పైఎన్వ్ ఇన్‌స్టాల్ అయ్యాక చివర్లో వచ్చిన వార్నింగ్ వరుసలు ఒక్కసారి కళ్ళారా చూడండి.

పైఎన్వ్‌ని దాని గిట్‌హబ్ పేజీలో ఉన్న ఇన్‌స్టాలర్‌తో దించుకోండి. తర్వాత ఉత్తినే పైఎన్వ్ ఇనిట్ అని కొడితే బాష్ఆర్‌సీలో (టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే ఫైల్) ఏ వరుసలు చేర్చాలో అదే చూపిస్తుంది, వాటిని కాపీ చేసి పెట్టి టెర్మినల్ మూసి తెరవండి. ఆ తర్వాత:

పైఎన్వ్ ఇన్‌స్టాల్ 3.11.9

సోర్స్ దాదాపు 20 ఎంబీ, ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా వచ్చేస్తుంది. కంపైల్ మాత్రం మెషీన్‌ని బట్టి, నాలుగు కోర్లున్న మామూలు డెస్క్‌టాప్‌లో కొన్ని నిమిషాలు పడుతుంది. "ఎనేబుల్ ఆప్టిమైజేషన్స్" పెట్టమని కొందరు చెబుతారు, పెడితే పైథాన్ కొంచెం వేగంగా నడుస్తుంది, కానీ బిల్డ్ చాలా సాగుతుంది, ఎందుకంటే ఒకసారి కట్టి, టెస్టులు నడిపి, ఏ భాగం ఎక్కువ వాడుతోందో కొలిచి మళ్ళీ కడుతుంది. కరెంటు పోయే వేళల్లో యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద అది మొదలుపెట్టకండి. చదువుకోవడానికి, మామూలు ప్రాజెక్టులకి అవసరమే లేదు.

ఇక ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్ళి:

పైఎన్వ్ లోకల్ 3.11.9
పైథాన్ -ఎం వెన్వ్ .వెన్వ్
సోర్స్ .వెన్వ్/బిన్/యాక్టివేట్

మొదటిది ఆ ఫోల్డర్‌లో వెర్షన్ ఫైల్ రాస్తుంది, దాన్ని గిట్‌లో చేర్చండి, మీతో పనిచేసేవాళ్ళకి ఏ పైథాన్ కావాలో అడగకుండానే తెలుస్తుంది. రెండోది ఆ ప్రాజెక్టు లైబ్రరీలు విడిగా ఉండే వెన్వ్ ఫోల్డర్ చేస్తుంది, మూడోది దాన్ని వాడుకలోకి తెస్తుంది. వెన్వ్ ఫోల్డర్‌ని మాత్రం గిట్‌లో పెట్టకండి, వేరే చోటికి కాపీ కూడా చేయకండి, దాని లోపలి స్క్రిప్టుల్లో మీ ఫోల్డర్ పూర్తి అడ్రస్ రాసి ఉంటుంది, కదిపితే చెడిపోతుంది. కొత్త చోట కొత్తది చేసుకుని, కావాల్సిన లైబ్రరీల జాబితా ఉన్న రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌తో నింపుకోవడమే. పిప్‌ని కూడా నేరుగా పిలవకుండా పైథాన్ -ఎం పిప్ అని పిలవడం అలవాటు చేసుకోండి, అప్పుడు ఏ పైథాన్‌లోకి ప్యాకేజీ వెళ్తోందో అనుమానం ఉండదు.

వెర్షన్ల సంగతి ఇంతే, ఇప్పుడు అసలు తలనొప్పి. పిప్ ఇన్‌స్టాల్ కొడతారు, వంద వరుసల ఎర్ర అక్షరాలు వస్తాయి, చివర "వీల్ బిల్డ్ చేయడం కుదరలేదు" అని ఉంటుంది. భయపడి ఆ చివరి వరుసనే నెట్‌లో వెతుకుతారు, లక్ష జవాబులు, ఒక్కటీ మీది కాదు. ముందు ఏం జరుగుతోందో తెలుసుకోండి. సీ భాషలో రాసిన భాగం ఉన్న లైబ్రరీలని తయారుచేసేవాళ్ళు ముందే కంపైల్ చేసి వీల్ అనే ఫైళ్ళుగా పైపీఐ అనే పైథాన్ లైబ్రరీల సైట్‌లో పెడతారు. ఆ ఫైల్ పేరులో సీపీ311 అని ఉంటే అది పైథాన్ 3.11 కోసం, సీపీ312 అంటే 3.12 కోసం. మీ వెర్షన్‌కి సరిపడే వీల్ ఉంటే పిప్ దాన్ని దించి విప్పేస్తుంది, కంపైలర్ అవసరమే రాదు. లేకపోతే సోర్స్ దించి మీ మెషీన్ మీద కట్టడానికి చూస్తుంది, ఎర్రర్లన్నీ అక్కడ పుడతాయి.

కాబట్టి ఎర్రర్‌తో కుస్తీ పట్టే ముందు పైపీఐలో ఆ లైబ్రరీ పేజీ తెరిచి, డౌన్‌లోడ్ ఫైల్స్‌లో మీ వెర్షన్ అంకె ఉందో లేదో చూడండి. పాత ప్రాజెక్టు రిక్వైర్‌మెంట్స్‌లో లెక్కల లైబ్రరీ నంపై 1.21 అని రాసి ఉంది, మీ దగ్గర ఉబుంటు 24.04తో వచ్చిన 3.12 ఉంది అనుకోండి. నంపై 1.21కి 3.12 వీల్ లేదు, 3.12ని ఆదుకున్న మొదటి నంపై 1.26. పైగా పాత లైబ్రరీలు బిల్డ్ కోసం వాడుకునే డిస్ట్‌యూటిల్స్‌ని 3.12లో తీసేశారు. అందుకని మీరు ఎన్ని డెవ్ ప్యాకేజీలు వేసినా అది కట్టుకోదు. ఇలాంటప్పుడు లైబ్రరీతో పోట్లాడకండి, పైథాన్‌నే మార్చండి, పైఎన్వ్‌తో 3.10 పెట్టుకుంటే అదే నంపై 1.21లోని చివరి విడుదల వీల్‌గా క్షణంలో దిగిపోతుంది. వెర్షన్ మేనేజర్ వల్ల నాకు కలిగిన అతి పెద్ద లాభం ఇదే. కంపైల్ అసలు జరగకూడదు, వీల్ లేకపోతే వెంటనే చెప్పు అనుకుంటే పిప్‌కి --ఓన్లీ-బైనరీ :ఆల్: అని చేర్చండి.

కొన్నిటికి మాత్రం లినక్స్‌లో కంపైల్ తప్పదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో మాట్లాడే సైకోపీజీ2 అలాంటిదే, మైఎస్‌క్యూఎల్‌తో మాట్లాడే మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ కూడా. అప్పుడు ఎర్రర్‌ని కింద నుంచి కాకుండా పై నుంచి చదవండి, మొదట "ఎర్రర్" లేదా "ఫేటల్ ఎర్రర్" అని వచ్చిన చోట అసలు కారణం ఉంటుంది. "పీజీ_కాన్ఫిగ్ దొరకలేదు" అంటే లిబ్‌పీక్యూ-డెవ్ కావాలి. మైఎస్‌క్యూఎల్‌కి డిఫాల్ట్-లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్-డెవ్, దాంతో పాటు పీకేజీ-కాన్ఫిగ్ కూడా. ఎల్ఎక్స్ఎంఎల్ కట్టాల్సి వస్తే లిబ్ఎక్స్ఎంఎల్2-డెవ్, లిబ్ఎక్స్ఎస్ఎల్‌టీ1-డెవ్. "పైథాన్.హెచ్ లేదు" అని వస్తే పైథాన్3-డెవ్ వేయమని అందరూ చెబుతారు, అది సిస్టమ్ పైథాన్‌కి మాత్రమే పనికొస్తుంది. పైఎన్వ్‌తో కట్టిన పైథాన్‌కి దాని హెడర్లు దాంట్లోనే ఉంటాయి, అక్కడ కూడా ఈ ఎర్రర్ వస్తే మీరు నిజంగా పైఎన్వ్ పైథాన్‌లో లేరని అర్థం, విచ్ పైథాన్ కొట్టి చూడండి. ఏ హెడర్ ఏ ప్యాకేజీలో ఉందో తెలియకపోతే ఆప్ట్-ఫైల్ అనే పనిముట్టు వేసి, ఒకసారి ఆప్ట్-ఫైల్ అప్‌డేట్ చేసి, ఆప్ట్-ఫైల్ సెర్చ్ తర్వాత హెడర్ పేరు కొట్టండి, ప్యాకేజీ పేరు చెప్పేస్తుంది.

ఉబుంటులో ఉన్న లైబ్రరీ పాతది, మనకి కొత్తది కావాలి అనే సందర్భం ఇంకొకటి. ఉదాహరణకి ఉబుంటు 22.04లో ఎస్‌క్యూలైట్ 3.37.2 ఉంటుంది. జేసన్ డేటాని బైనరీగా దాచుకునే జేసన్‌బీ ఫంక్షన్లు వచ్చింది 3.45లో. అవి కావాలంటే మనమే కట్టుకోవాలి. ఎస్‌క్యూలైట్ సైట్ నుంచి ఎస్‌క్యూలైట్-ఆటోకాన్ఫ్-3450100 అనే టార్ ఫైల్ దించుకోండి, ఆ అంకె 3.45.1నే వాళ్ళు రాసే పద్ధతి. విప్పి, ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి:

./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=$హోమ్/ఆప్ట్/ఎస్‌క్యూలైట్-3.45.1
మేక్ -జే4
మేక్ ఇన్‌స్టాల్

($ తర్వాత ఉన్న హోమ్ మాత్రం పెద్ద అక్షరాల్లో కొట్టాలి, ఆ ఆప్ట్ మీ హోమ్‌లో చేసుకునే ఓపీటీ అనే ఫోల్డర్.) ఇక్కడ ప్రాణమంతా ఆ ప్రిఫిక్స్‌లో ఉంది. అది రాయకపోతే సూడోతో యూఎస్ఆర్ లోకల్‌లో పెట్టాల్సి వస్తుంది, ఉబుంటు లైబ్రరీల కోసం వెతికేటప్పుడు యూఎస్ఆర్ లోకల్ లిబ్‌ని ముందు చూస్తుంది, దాంతో మీకు తెలియకుండానే మెషీన్‌లో ఎస్‌క్యూలైట్ వాడే మిగతా ప్రోగ్రాములన్నీ మీరు కట్టినదాన్ని ఎత్తుకుంటాయి. హోమ్‌లో, వెర్షన్ అంకెతో సహా ఫోల్డర్ పేరు పెట్టుకుంటే ఎవరి దారి వారిది, వద్దనుకున్న రోజు ఫోల్డర్ తీసేస్తే అయిపోయింది. ఇంకో చిన్న జాగ్రత్త, సోర్స్ విప్పే ఫోల్డర్ పేర్లలో ఖాళీలు పెట్టకండి, "నా ప్రాజెక్టులు" అని మధ్యలో స్పేస్ ఉంటే కాన్ఫిగర్, మేక్ రెండూ తికమకపడతాయి.

మేక్ పక్కన ఉన్న జే4 అంటే నాలుగు ఫైళ్ళు ఒకేసారి కంపైల్ చేయమని. ఎస్‌క్యూలైట్ చిన్నది, దానికి ఎంత పెట్టినా ఒకటే, కానీ పెద్ద సీ++ లైబ్రరీలు కట్టేటప్పుడు 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో జే8 పెడితే మధ్యలో "కిల్డ్" అని ఆగిపోతుంది. కోడ్‌లో తప్పేం లేదు, ర్యామ్ చాలక కెర్నల్ కంపైలర్‌ని చంపేసింది. జే2కి దించి మళ్ళీ మేక్ కొట్టండి, ఆగిన చోటి నుంచే సాగుతుంది.

కట్టాం సరే, పైథాన్ దాన్ని వాడుతోందా? ముందు ఏది వాడుతోందో అడగండి, పైథాన్‌లో ఎస్‌క్యూలైట్3ని ఇంపోర్ట్ చేసి ఎస్‌క్యూలైట్_వెర్షన్ ప్రింట్ చేస్తే ఇంకా 3.37.2 అనే వస్తుంది. నడిపే ముందు ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ (ఇదీ పెద్ద అక్షరాల్లోనే) అనే వేరియబుల్‌లో మన లిబ్ ఫోల్డర్ అడ్రస్ ఇచ్చి అదే మళ్ళీ చూడండి, 3.45.1 వస్తుంది. పైథాన్‌ని మళ్ళీ కంపైల్ చేయక్కర్లేదు. కానీ ఈ వేరియబుల్‌ని బాష్ఆర్‌సీలో శాశ్వతంగా పెట్టకండి, ఆ టెర్మినల్ నుంచి లేచే ప్రతి ప్రోగ్రామూ దాన్ని పాటిస్తుంది, ఇందాక యూఎస్ఆర్ లోకల్‌తో తప్పించుకున్న సమస్యే ఇంకో దారిలో వస్తుంది. ప్రాజెక్టు ఫోల్డర్‌లో రన్ అనే చిన్న షెల్ స్క్రిప్టు రాసి, అందులో ఈ వరుస, తర్వాత పైథాన్ వరుస పెట్టుకోండి. ఏ ప్రోగ్రామ్ ఏ లైబ్రరీ ఎత్తుకుంటోందో అనుమానం వస్తే ఎల్‌డీడీ కమాండ్‌కి ఆ ప్రోగ్రామ్‌ని గానీ దాని .ఎస్ఓ ఫైల్‌ని (కంపైల్ అయిన లైబ్రరీ) గానీ ఇచ్చి చూడండి, పూర్తి అడ్రస్‌తో జాబితా వస్తుంది.

కంపైల్ గోలే వద్దు అనుకునేవాళ్ళకి 2024లో వచ్చిన యూవీ అనే పనిముట్టు ఉంది, అది ముందే కట్టిన పైథాన్‌లనే దించుతుంది, వెన్వ్, పిప్ పనులు కూడా చాలా వేగంగా చేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను అదే చెబుతున్నాను. ఇలా సొంత లైబ్రరీలతో పైథాన్‌ని కట్టుకోవాల్సి వచ్చే చోట మాత్రం పైఎన్వ్ చేతికి వాటంగా ఉంటుంది. విండోస్‌లో ఉన్నవాళ్ళకి పై -3.11 అని కొడితే ఆ వెర్షన్ లేచే లాంచర్ ఉంది, కంపైల్ తప్పనప్పుడు "మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ 14.0 కావాలి" అని వచ్చే ఎర్రర్‌కి వాళ్ళ బిల్డ్ టూల్స్ వేసుకోవాలి.

చివరగా రెండు జాగ్రత్తలు. పాత పైథాన్‌ని పైఎన్వ్ నుంచి తీసేసే ముందు ఏ వెన్వ్ దాని మీద నిలబడిందో చూసుకోండి. వెన్వ్ లోపల ఉన్నది పైథాన్ కాపీ కాదు, ఆ పైథాన్‌కి లింకు, 3.11.8 తీసేసిన మరుక్షణం దానితో చేసిన వెన్వ్‌లన్నీ ఆగిపోతాయి. ప్రతి వెన్వ్ ఫోల్డర్‌లో పైవెన్వ్.సీఎఫ్‌జీ అనే ఫైల్ ఉంటుంది, తెరిస్తే దాని మూలం ఏ పైథానో రాసి ఉంటుంది.

రెండోది, ఉబుంటునే కొత్త విడుదలకి మార్చినప్పుడు. పైఎన్వ్‌తో కట్టిన పైథాన్ సిస్టమ్ లైబ్రరీలకి ముడిపడి ఉంటుంది. 20.04లో లిబ్ఎఫ్ఎఫ్ఐ 7వ రకం, ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1 ఉండేవి, 22.04లో అవి 8, 3 అయ్యాయి. అప్‌గ్రేడ్ అయ్యాక పాత పైథాన్ లేస్తుంది కానీ సీటైప్స్ అనే మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేస్తే "లిబ్ఎఫ్ఎఫ్ఐ.ఎస్ఓ.7 తెరవలేకపోయాను" అంటుంది. అందుకని అప్‌గ్రేడ్‌కి ముందు ప్రతి ప్రాజెక్టులో పిప్ ఫ్రీజ్ చేసి, వచ్చిన లైబ్రరీల జాబితాని రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో దాచుకోండి, పైఎన్వ్ వెర్షన్స్ కొట్టి ఏమేం ఉన్నాయో రాసి పెట్టుకోండి. అప్‌గ్రేడ్ అయ్యాక పైన చెప్పిన డెవ్ ప్యాకేజీలు మళ్ళీ వేసి, పైఎన్వ్ ఇన్‌స్టాల్ --ఫోర్స్‌తో ఒక్కో పైథాన్‌ని కట్టి, పాత వెన్వ్‌లు తీసేసి కొత్తవి చేసుకోండి. మా తమ్ముడి మెషీన్‌కి ఈ ఆదివారం అదే పని పెట్టుకున్నాం, వాడి దగ్గర మూడు పైథాన్‌లు, ఐదు ప్రాజెక్టులు ఉన్నాయి, పొద్దున్నే మొదలుపెడితే భోజనాల వేళకి అయిపోతుంది.